పిల్లలతో సినిమాకు: అజైబాలో ఒక వియ్యంకుల సంవాదము

మస్కటు నగరమున, ఒకవైపు సముద్రమును మరొకవైపు సుల్తాన్ ఖాబూస్ రాజమార్గమును హద్దులుగా గల అజైబాలో, నవంబరు 18 వీధికి అనతిదూరమున నున్న ఒక అద్దె యింటి మేడమీద, సంక్రాంతి వెళ్లిన తరువాతి శుక్రవారపు సాయంకాలమున ఇద్దరు వియ్యంకులు వాదమునకు దిగిరి. పంచాంగమునుబట్టి పండుగ ఏ మంగళవారమో బుధవారమో వచ్చినను, శుక్ర శనివారములే సెలవుదినములైన ఈ దేశమున దానిని వారాంతమునకు జరుపుకొని చేయుట తెలుగువారికి అలవాటైపోయినది. ముగ్గు ఫ్లాటు గుమ్మములోనికి, భోగిపండ్లు హాలులోనికి వచ్చి చేరినట్లే, పండుగనాటి సినిమాయు శనివారపు మధ్యాహ్నమునకు వచ్చి చేరినది.

వియ్యంకులలో ఒకరు తెనాలిలో ఒక సినిమాహాలునకు చిరకాలము మేనేజరుగా నుండి విశ్రాంతి గొన్నవారు. రెండవవారు కోనసీమలో జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలలో తెలుగు పండితులుగా నుండినవారు. సినిమావలన అన్నము తిన్నవాడు సినిమాను వెనుకవేసికొని వచ్చుననియు, పండితుడు దానిని దూషించుననియు లోకులనుకొందురు గాని యిక్కడ వ్యవహారము తలక్రిందులైనది. ఉభయులకును మనుమరాలైన బాలిక పదమూడేండ్లది, మనుమడు అయిదేండ్లవాడు. గుబ్రానుండి వారాంతమునకు వచ్చియున్న మేనేజరుగారి మేనకోడలి కుమారుడు ఎనిమిదేండ్లవాడు. ఈ మువ్వురను మరునాడు మాలులోని థియేటరునకు తీసికొనిపోవలెనా వలదా యన్నది ప్రశ్న. పొరుగువాడనై టీ త్రాగుటకు పోయినవాడను, విన్నదానిని విన్నట్లు వ్రాయుచున్నాను. మేనేజరుగారి మాట వాడుకలోనే సాగును. పండితులవారు కోపము వచ్చినకొలది మరింత గ్రాంథికమగుదురు.

పండితుడు: బావగారూ, అల్లుడు ఫోను పట్టుకొని నిలుచున్నాడు. తొమ్మిది కుర్చీలు గుర్తు పెట్టుమని చెప్పెదనా?

మేనేజరు: పెద్దవాళ్లకు ఆరు పెట్టమనండి. పిల్లల సంగతి తేలేదాకా మిగతా మూడూ ఆపమనండి.

పండితుడు: ఇదేమి విపరీతము! జీవితమంతయు జనులను హాలులోనికి పిలిచి కూర్చుండబెట్టిన తమరు నేడు ముగ్గురు పసివారిని గుమ్మమునొద్ద నిలుపుదురా? పండుగ సినిమా, కుటుంబమంతయు కూర్చుండి చూడదగినదని ఊరంతయు చెప్పుకొనుచున్న సినిమా.

మేనేజరు: పిలిచినవాణ్ని కాబట్టే చెబుతున్నాను. మీరు హాలును ముందునుంచి చూశారు. నేను వెనకనుంచి చూశాను. ప్రొజెక్టరు గదికి ఉండే చిన్న కిటికీలోంచి చూస్తే తెర అంతగా కనపడదు, తలలు కనపడతాయి. పెద్దవాళ్లు పొట్ట పట్టుకొని నవ్వే ఘట్టాలున్నాయే, సరిగ్గా అక్కడే పిల్లల తలలు వెనక్కి తిరుగుతాయి. తెర వదిలేసి, మా గదిలోంచి పోయే వెలుగుకేసి, అందులో ఆడే దుమ్ముకేసి చూస్తూ కూర్చుంటారు. ‘మాయాబజార్’ ఎన్నిసార్లు తిరిగివచ్చినా, ఘటోత్కచుడు పెళ్లివంటలు ఖాళీ చేసే చోట ఒక్క చిన్న తల కూడా వెనక్కి తిరగటం నేను చూడలేదు. 1957లో విడుదలైన బొమ్మ అది. తరువాత పుట్టిన పిల్లలూ అక్కడ అట్లాగే కూర్చున్నారు. మీరు చెప్పే కుటుంబచిత్రాలు వేరు. అవి భార్యాభర్తల తగాదామీద, అత్తమామల ఎత్తిపొడుపులమీద, ఇంటాయన పాత ప్రేమలమీద నడుస్తాయి. పెళ్లయినవాడికి అందులో తన ఇల్లు కనపడి నవ్వు వస్తుంది. అయిదేళ్లవాడికి ఏం కనపడుతుంది?

పండితుడు: వానికి ఇల్లు కాదు, ఊరు కనబడును. ఆలోచింపుడు. ఈ పిల్లలకు తెలుగనగా నేమి? తల్లి తినుమనును, తండ్రి చదువుమనును, మనము ఫోనులో ఎప్పుడు వచ్చెదరని యడుగుదుము. బడిలో ఇంగ్లీషు, హిందీ, అంగడిలో మలయాళము, చెరువులవలె నెండిపోయిన యెడారి వీధులలో అప్పుడప్పుడు అరబ్బీ. నాలుగు గోడలనడుమ తెలుగు ఆజ్ఞల భాషయై, క్రియాపదములన్నియు విధ్యర్థకములై మిగిలినవి. అట్టివాడు థియేటరులో కూర్చుండగా, దీపములారిన పిమ్మట, ముఖములైనను తెలియని రెండువందలమంది ఒక గోదావరి మాటకు ఒక్కసారిగా నవ్వుదురు. తన తల్లిదండ్రులకు మాత్రమే తెలిసిన రహస్యమనుకొన్న యీ భాష ఇంతమంది నోటనున్నదని వానికి అప్పుడు తెలియును. నేను పద్యములు కంఠస్థము చేయించినను ఆ సంగతి వానికి తెలుపలేను. ఇక్కడి సోషల్ క్లబ్బులో తెలుగు విభాగమువారు ఉగాదికి సభ చేయుదురు, మంచిదే. ఆ సభలో పిల్లలు వేదికమీద నాడుదురు, పెద్దలు చప్పట్లు కొట్టుదురు. థియేటరులో పిల్లవాడు పెద్దలతో కలిసి జనమగును.

మేనేజరు: బాగా చెప్పారు గాని, ఆ నవ్వేది పెద్దవాళ్లు. మన అమ్మాయి మొదట తల్లి ముఖం చూస్తుంది, తరువాత నవ్వుతుంది. తెర అడుగున ఇంగ్లీషు ఒక వరస, అరబ్బీ ఒక వరస పోతుంటాయి. ఆ ఇంగ్లీషు చదువుకొని అర్థం చేసుకొనేసరికి హాస్యం దాటిపోయి కన్నీళ్ల ఘట్టం వస్తుంది.

పండితుడు: తల్లి ముఖము చూచి నవ్వక భాష నేర్చినవారెవరు, బావగారూ? తామును నేనును అట్లే నేర్చితిమి.

మేనేజరు: సరే, నేర్చుకొంటారు. ఏం నేర్చుకొంటారో చూద్దాం. 2025 సంక్రాంతికి వెంకటేశ్ కథానాయకుడుగా, అనిల్ రావిపూడి దర్శకత్వంలో ‘సంక్రాంతికి వస్తున్నాం’ వచ్చింది. రాజమండ్రి అత్తవారింట్లో ఉండే మాజీ పోలీసు అధికారి కథ. ఊళ్లలో బండ్లు కట్టుకొని వచ్చే కాలం మళ్లీ వచ్చిందన్నారు; ముసలివాళ్లు, చంటిపిల్లలతో సహా హాళ్లు నిండాయి. అందులో బుల్లిరాజని ఒక పిల్లవాడు. నాన్నను ఎవరైనా ఒక్క మాటంటే చాలు, వాళ్లమీద పడి, చెవులు మూసుకోవలసిన తిట్లు తిడతాడు. ఓటీటీలో చూసి నేర్చుకొన్నాడని కథలో కారణం చెప్పారు. పిల్లల్ని ఆ తెరలకు వదిలేస్తే ఇట్లా అవుతారని తల్లిదండ్రులకు హెచ్చరికగా పెట్టామని దర్శకుడు సమాధానం చెప్పాడు. ఆయన అన్నమాట తప్పని నేననను. కాని హాల్లో జరిగిందేమిటి? హెచ్చరిక తండ్రికి, తిట్టు కొడుక్కు. తండ్రి నవ్వి ఊరుకొన్నాడు. కొడుకు మర్నాడు బడికి పట్టుకుపోయాడు.

పండితుడు: తమరు తోలుబొమ్మలాట చూడలేదా? కేతిగాడును బంగారక్కయు రావణునికిని రామునికిని నడుమ దూరి పలికిన పలుకులను నేను నేడు తమయెదుట ననలేను. వానిని నేను ఏడేండ్లవాడనై మా పితామహుని ఒడిలో కూర్చుండి వింటిని. ఆయన పరమనిష్ఠాపరుడు, మడికట్టుకొని గాని అన్నము ముట్టనివాడు. నన్ను లేపి యింటికి పంపలేదు. నాకు అర్థమైనంత నాకు అర్థమైనది, కానిది పోయినది. పగటివేషములవారు వీధిలో నన్న మాటలను ఆడువారు తలుపువెనుక నిలువబడి విని నవ్విరి. మన జాతి వినోదము ఏనాడును పిల్లలకు వేరు, పెద్దలకు వేరు అని వడ్డించినది కాదు.

మేనేజరు: కేతిగాడు తోలుబొమ్మ. నల్లగా, వంకరగా, ఎవడూ అట్లా కావాలనుకోకుండా చేశారు వాణ్ని. ఈ పిల్లవాడు మన పిల్లవాడి ఈడువాడు, ముద్దుగా ఉంటాడు, తిట్టినందుకు హాలంతా చప్పట్లు కొడుతుంది. ఇంకోటి: ఆట అయిపోతే కేతిగాణ్ని బుట్టలో పెట్టి మూత వేసేవాళ్లు, మళ్లీ ఏడాదికి గాని వచ్చేవాడు కాదు. ఇప్పుడు ఆ నిమిషం ముక్కను కత్తిరించి ఫోనులో పెడతారు. పిల్లవాడు అన్నం తినేటప్పుడు దాన్నే పదిసార్లు చూస్తాడు.

(ఇక్కడ పండితులవారు కొంతసేపు మాటాడలేదు. ఆ చిత్రమును నేనును చూచియున్నాను గనుక నా తలంపు చెప్పవలెనన్న, తిట్లకంటె కథలోని ముడియే పిల్లలకు చిక్కు. భార్యయు, పెండ్లికి పూర్వపు ప్రియురాలును ఒకే మనుష్యుని వెంటబెట్టుకొని ప్రయాణము చేయుచు, ఒకరిపై నొకరు విసరుకొను మాటలకు పెద్దలు విరుగబడి నవ్వుచుండగా, ప్రక్కనున్న చిన్నది ‘ఆమె ఎవరు? ఈమెకు ఎందుకు కోపము?’ అని అడుగును. ఆ ప్రశ్నకు చీకటిలో చెప్పదగిన సమాధానము నాకు దొరకలేదు. తిట్టును ‘అనకూడదు’ అని ఒక్కమాటతో ఆపవచ్చును.)

పండితుడు: అట్లయిన, పిల్లలకొరకే తీసిన చిత్రములు కావలెనందురా? అవి ఎన్ని కలవు?

మేనేజరు: ఉన్నాయి, ఉండేవి. మన టాకీలు ఇంకా నడక నేర్చుకొంటున్న రోజుల్లో, 1936లో, సి. పుల్లయ్యగారు పిల్లలచేతనే వేషాలు వేయించి ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయము’ తీశారు. 1963లో ‘లవకుశ’ వచ్చింది. పుల్లయ్యగారు మొదలుపెట్టగా కుమారుడు సి.యస్. రావుగారు పూర్తిచేశారు. పూర్తిగా రంగుల్లో వచ్చిన మొదటి తెలుగు బొమ్మ. మూడు గంటలు దాటిన నిడివి, అయినా పిల్లలు కదలలేదు. ఎందుకనుకొన్నారు? కథను నడిపించింది ఇద్దరు పిల్లలు. తండ్రి గుర్రాన్ని కట్టేసినవాళ్లు, తండ్రి సభలో తండ్రి కథను పాడినవాళ్లు పిల్లలు. 1972లో ‘పాపం పసివాడు’. మీకు జ్ఞాపకముందా?

పండితుడు: లేకేమి! ఎడారిలో తప్పిపోయిన బాలుడు.

మేనేజరు: అదే. వి. రామచంద్రరావుగారి దర్శకత్వం. దక్షిణాఫ్రికావాళ్ల బొమ్మ ఒకటి ఆధారం. మాస్టర్ రాము వేసిన పిల్లవాడి వేషం. విమానం కూలిపోతుంది, వాడూ ఒక కుక్కా ఇసుకలో మిగులుతారు. థార్ ఎడారికి పోయి తీశారు. ప్రచారానికి విమానంలోంచి కరపత్రాలు చల్లించారు. ఏ ఊళ్లో చూసినా పిల్లలు ఆకాశంకేసి చేతులు చాచి పరుగెత్తారు. హాల్లో ఎస్.వి. రంగారావుగారు ఏడిస్తే పెద్దవాళ్లు ఏడ్చారు, పిల్లవాడికి దాహం వేస్తే పిల్లలు ఏడ్చారు. ఆ బొమ్మకు ఇంటర్వెల్లో సోడాలు అమ్ముడుపోయినట్లు మరే బొమ్మకూ పోలేదని మా క్యాంటీను కాంట్రాక్టరు చెప్పేవాడు. ఇద్దరికీ ఒకే బొమ్మలో చోటుంది. 1997లో గుణశేఖర్ ‘రామాయణం’ తీసినప్పుడు రాముడు మొదలు రావణుడిదాకా అందరూ పిల్లలే. జాతీయ బహుమతి కూడా వచ్చింది. హైదరాబాదులో బాలల చలనచిత్రోత్సవాలు నడిచేవి, నవంబరు 14 నాటికి దేశదేశాల బొమ్మలు తెచ్చేవాళ్లు, బళ్లనుంచి బస్సుల్లో పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు. అయితే అక్కడ మెచ్చుకొన్న బొమ్మ తెనాలిలో మా హాలుకు వచ్చేది కాదు. పంపిణీదారు కొనడు, నేను వేయలేను. నేను వేయగలిగింది కుటుంబచిత్రం. అందులో పిల్లవాడు కథానాయకుడు కాడు, హాస్యానికి పెట్టిన ఊరగాయముక్క.

పండితుడు: తమ చరిత్ర తమకే యెదురుతిరుగుచున్నది, చూడుడు. తెలుగు టాకీ పుట్టినదే ఒక బాలుని కథతో. 1932లో హెచ్.ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’ను జనులు చూచిరి. 1967లో అదే కథను మరల రంగులలో తీసిరి, రోజారమణి ప్రహ్లాదుడు. ఆ కథలో నేమున్నది? కన్నతండ్రి కుమారుని ఏనుగులచే త్రొక్కించును, పాములచే కరపించును, కొండమీదనుండి త్రోయించును. తుదకు నరసింహుడు స్తంభమునుండి వెలువడి ఆ తండ్రిని ఒడిలో బెట్టుకొని ప్రేవులు చీల్చును. బుల్లిరాజు తిట్లు దీనియెదుట నెంత? అయినను మన తాతలు పసివారిని ముందువరుసలో కూర్చుండబెట్టిరి. 2025 జూలైలో ‘మహావతార్ నరసింహ’ అను యానిమేషను చిత్రము వచ్చినది, అశ్విన్ కుమార్ దర్శకత్వమున. ఇక్కడి బడులకు వేసవి సెలవులగుటచే మన పిల్లలు అప్పుడు మాయొద్ద అమలాపురమున నుండిరి. ఊరివారందరివలెనే మేమును తీసికొనిపోతిమి. ఉగ్రనరసింహుడు వెలువడినప్పుడు చిన్నవాడు నా చేయి గట్టిగ పట్టుకొనెను, కన్నులు మాత్రము మూసికొనలేదు. కావున పిల్లలకు తగినది తగనిది అన్నది తెరమీది రక్తమునుబట్టియో మాటలనుబట్టియో తేలునది కాదు.

మేనేజరు: ఒప్పుకొన్నాను. అందుకేగా ఘటోత్కచుణ్ని తెచ్చింది! రాక్షసుడు భయపెట్టినా పిల్లవాడికి ఆ కథలో తన మనిషి ఒకడున్నాడు. ప్రహ్లాదుడు వాడి వయసువాడు, గెలిచేవాడు వాడే. మీ మనుమడు కళ్లు మూసుకోకపోవడానికి కారణం అదే. రేపటి బొమ్మలో వాడి మనిషి ఎవడు? చెప్పండి.

పండితుడు: చూడని చిత్రమునుగూర్చి ఎట్లు చెప్పుదును?

మేనేజరు: చూడని బొమ్మకు తొమ్మిది టిక్కెట్లు మాత్రం కొంటున్నాం.

పండితుడు: (కినుకతో) ప్రతి చిత్రమును మనము ముందుగ పరీక్షించి, పిదప పసివారిని పిలిచిన, అది వినోదమగునా, వైద్యమగునా? ప్రభుత్వములు పరీక్షించుచునే యున్నవి గదా. వయోనిర్ణయపు ముద్ర వేయకయే చిత్రము బయటికి రాదు.

మేనేజరు: ఆ ముద్రల సంగతి నన్నడగండి. మన దేశంలో 1952 చట్టం. మొదట ‘యు’, ‘ఎ’ అని రెండే. 1983లో రెంటికీ మధ్య ‘యు/ఎ’ వచ్చింది. పన్నెండేళ్లలోపు పిల్లలైతే తల్లిదండ్రులు ఆలోచించుకోవాలని దాని అర్థం. 2023లో చట్టం సవరించి, 2024 నియమావళితో ఆ మధ్య ముద్రను మూడు చేశారు: ఏడేళ్లు దాటినవాళ్లకు ఒకటి, పదమూడు దాటినవాళ్లకు ఒకటి, పదహారు దాటినవాళ్లకు ఒకటి. ఇక్కడ ఒమాను గేటు దగ్గర వీళ్ల గీతలు వేరే ఉన్నాయి. మన ముగ్గుర్నీ చూడండి: అయిదు, ఎనిమిది, పదమూడు. ఒక్క సోఫామీద కూర్చొని ఒకరి చిప్సు ఒకరు లాక్కొనే పిల్లలు, ఆ గీతలకు మూడు వైపుల పడతారు. ఒక ఇంటి పిల్లలు ఒక వయసువాళ్లు కారని నియమం రాసినవాడికి తెలుసు. అందుకే చివరిమాట పెద్దవాళ్లకు వదిలాడు. ఆ పెద్దవాళ్లం మనం. ముద్రమీదికి తోసేస్తే ఎట్లా?

పండితుడు: తోయుటలేదు. వెంట నుందుము గదా.

మేనేజరు: వెంట ఉండటం అంటే నాకు ఇప్పుడు భయమే, బావగారూ. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్‌లో ‘పుష్ప 2’ ప్రీమియరు నాడు ఏం జరిగిందో మీరూ చదివారు. అక్కడికి వచ్చిన ఒక పిల్లవాడికి తల్లి వెంటే ఉంది. తొక్కిసలాటలో ఆమె పోయింది, కొడుకు ప్రాణాలమీదికి వచ్చింది. ఎవరి బాధ్యత ఎంతో కోర్టులు తేలుస్తాయి. హాలు నడిపినవాడిగా నాకు తెలిసిందొకటి: తలుపు దగ్గర నిలబడ్డవాడికి లోపల ఎన్ని కుర్చీలో, బయట ఎన్ని తలలో తెలియాలి. తరువాత జనవరిలో తెలంగాణ హైకోర్టు, పదహారేళ్లలోపు పిల్లల్ని ఉదయం పదకొండుకు ముందూ రాత్రి పదకొండు తరువాతా ఆటలకు రానివ్వకూడదంది. మార్చిలో ఆ ఆంక్ష తొలగించింది. తొలగించినా నా మనసులో అది ఉండిపోయింది. మా రోజుల్లో రెండో ఆట ఒంటిగంటకు వదిలేది. నిద్రపోయే పిల్లల్ని భుజాన వేసుకొని చీకట్లో నడిచిపోయేవాళ్లు. ఆ పిల్లలకు సినిమా ఎందుకని ఎవరూ అడగలేదు. ఇంట్లో వదిలిరావడానికి ఎవరూ లేరు గనుక తెచ్చారు, అంతే. 

పండితుడు: అజైబాలో అట్టి తొక్కిడి లేదు. కుర్చీకొక యంకె, మనిషికొక కుర్చీ, శనివారము మధ్యాహ్నము. తమ భయము హైదరాబాదుది, మన ప్రయాణము ఇక్కడిది.

మేనేజరు: నిజమే. ఆ మాట మీకు వదిలేశాను.

పండితుడు: ఇంకొకటి తమరు మరచుచున్నారు. ఈ వీధులలోని విల్లాలలో వంటపనియు ఇంటిపనియు చేయుచు, గోదావరి జిల్లాలనుండియు కడపనుండియు వచ్చిన స్త్రీలు ఎందరో యున్నారు. వారి పిల్లలు అక్కడ అమ్మమ్మలయొద్ద పెరుగుచున్నారు. మొన్న సముద్రపుటొడ్డున నడచుచుండగా మా వైపు యాస విని పలుకరించితిని. రాజోలు తాలూకా ఆమె. పండుగకు ఇంటికి డబ్బు పంపునపుడు సినిమాకని వేరుగ కొంత కలుపునట. పిల్లలను మేనమామ తీసికొనిపోవును. ఆ రాత్రి వారిచేత కథయంతయు ఫోనులో చెప్పించుకొనునట. ఒకడు పాట పాడునట, ఒకతె కథానాయిక చీరలు వర్ణించునట. చదువెట్లున్నదని యడిగిన ‘బాగుంది’ అని ఊరకుండు పిల్లలు సినిమాను గూర్చి గంటసేపు చెప్పుదురట. ఆ తల్లికి అదియే తన పిల్లలతో సినిమాకు పోవుట. ఆ చిత్రము శాస్త్రదృష్ట్యా బాలలకు తగినదో కాదో నేనడుగలేదు. పిల్లలు ప్రక్కగదిలోనే యుండగా తమరు నేడు వారిని విడిచి పోవుదమనుచున్నారు!

(ఇది బలమైన దెబ్బయే. మేనేజరుగారు టీకప్పును క్రిందపెట్టి కొంత తడవు ఆలోచించిరి. తరువాత ఆయన అడిగిన ప్రశ్నను నేను ఊహింపలేదు.)

మేనేజరు: ఏ సినిమాకు పోవాలో మేనమామ ఎంచాడా?

పండితుడు: లేదు లేదు. ఆమెయే. ఇక్కడ తోడి పనివారిని అడిగి, ఫోనులో ముక్కలు చూచి, దీనికి పొండు, దానికి వలదు అని చెప్పునట. ఒక చిత్రములో నరుకుట మిక్కిలిగ నున్నదని ఆపినదట.

మేనేజరు: సముద్రానికి అవతల ఉన్న పిల్లలకు ఏ బొమ్మో ఆ తల్లి ఇక్కడనుంచి చెబుతోంది. మన ఎనిమిదేళ్లవాడి తల్లి గుబ్రాలో ఉంది, కారులో పది నిమిషాలు. మనం ఆమెను అడిగామా?

పండితుడు: (తడబడి) మేనకోడలు తమరిది. తాత తీసికొనిపోవునన్న కాదనునా?

మేనేజరు: కాదనదు, అదే చిక్కు. మేనమామ మాటంటే మొహమాటం. ఆ ఇంట్లో వాడికి వారానికి ఎంతసేపు ఫోనో లెక్క ఉంది, తిట్టుమాట వస్తే మూడు రోజులు కార్టూన్లు బంద్. మంచో చెడో, అది ఆ ఇంటి పద్ధతి. మనం తాతలం గనుక ఒక మధ్యాహ్నంలో దాన్ని కలిపేసి, సాయంత్రం పిల్లవాణ్ని అప్పజెప్పి వస్తాం. మన మనుమలైతే మర్నాడు వాళ్లు అడిగే ప్రశ్నలకు మన ఇంట్లో మనమే జవాబు చెప్పుకొంటాం. వాడు అడిగేసరికి మనం దగ్గర ఉండం. పదమూడేళ్ల పిల్ల సంగతి నాకు బెంగ లేదు, తీసుకుపోండి. నిజానికి ఆ పిల్లే మనల్ని తీసుకుపోతుంది, సీట్లు ఎక్కడ బాగుంటాయో కూడా దానికే తెలుసు. అయిదేళ్లవాడు ఇంటర్వెల్‌కు నిద్రపోతాడు, వాడికి చివరి కుర్చీ నడవ పక్కన పెట్టించండి, నేను పక్కన కూర్చొంటాను, శబ్దం ఎక్కువైతే బయటకు తెస్తాను. ఈ ఎనిమిదేళ్లవాడొక్కడే నాకు ప్రశ్న.

పండితుడు: ఇప్పుడు తమరు ప్రక్కన కూర్చుందురనుచున్నారు. మొదట పిల్లలనే వలదంటిరి.

మేనేజరు: మొదట తొమ్మిది కుర్చీలు గుర్తు పెట్టమన్నారు గనుక వద్దన్నాను. ఒక్కొక్కరి సంగతి అడిగి ఉంటే ఒక్కొక్కటిగా చెప్పేవాణ్ని.

పండితుడు: ఆమె యొప్పుకొనకున్నచో?

మేనేజరు: ఒప్పుకోకపోతే నేనూ వాడూ ఇంట్లో చదరంగం ఆడుకొంటాం. అప్పుడు నడవ పక్క కుర్చీలో మీరు కూర్చోవాలి, చిన్నవాణ్ని చూసుకోవాలి. బొమ్మలో మాటలకు అర్థాలు చెబుతూ ముందువరసవాళ్లచేత తిరిగి చూపించుకోకూడదు.

పండితుడు: అర్థములు చెప్పనిచో నేను పోవుట యెందుకు? కానిండు, ఫోను నాకిండు. తమరు మాటాడిన ఆమె మొహమాటపడునని తామే యంటిరి. నాతో నామెకు అట్టి మొహమాటము లేదు. కథ యిట్టిదని, తిట్లుండవచ్చునని, ఉన్న నేమి చేయుదుమో కూడ చెప్పి అడిగెదను.

మేనేజరు: ఒప్పుకొనేట్లు అడగకండి. అడగండి, అంతే.

పండితుడు: చదరంగమున తమరు ఆ పిల్లవానిచేత ఓడిపోవుదురని యెరిగియు, ఒప్పుకొనునట్లు అడుగక యుండుట నాకు కష్టమే. అల్లుడా, ఏడు కుర్చీలు గుర్తు పెట్టుము. మిగిలిన రెంటి సంగతి ఫోను పెట్టిన తరువాత చెప్పెదను.